మనం చూడని మన బొమ్మలు

రండి, ఇట్టా కూర్చోండి. వెలిగొండల మీంచి వచ్చే గాలి పొద్దుగూకంగానే చురుక్కుమంటోంది. ఈ కాలంలో మా దుత్తలూరులో నలుగురు ఒకచోట చేరితే మూడే మాటలు: బోర్లో నీళ్ళు, పిల్లల ఉద్యోగాలు, సినిమా. మొదటి రెండూ పగలు ఎటూ తప్పవు గనక ఈ రాత్రికి సినిమా గురించి మాట్లాడుకుందాం.

పెద్ద హీరోల సంగతులు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, అవి వాళ్ళకే వదిలేస్తాను. నా మనసులో చాలాకాలంగా ఉన్న మాట వేరు. మన చుట్టుపక్కల పుట్టినవాళ్ళు తీసిన మంచి బొమ్మలు కొన్నున్నాయి. వాటిలో ప్రాణం పెట్టి నటించినవాళ్ళున్నారు. దేశం వాళ్ళకు బహుమతులిచ్చింది, విదేశాల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మనం మాత్రం వాళ్ళ పేర్లు కూడా ఎరగం. ఇది నాకు బాధగా ఉంటుంది, ఆ బాధ మీతో కాక ఇంకెవరితో చెప్పుకోను?

ఉదయగిరి మనకెంత దూరం? బస్సులో సీటు దొరికి సర్దుకునేలోపు కొండ కనిపిస్తుంది. ఆ ఊరి పేరెత్తితే మనం కోట గురించి చెబుతాం, కృష్ణదేవరాయలు ముట్టడించిన సంగతి చెబుతాం, చెక్క గరిటెలూ స్పూన్లూ చెక్కేవాళ్ళ చేతిపని గురించి చెబుతాం. సింగీతం శ్రీనివాసరావు గారు పుట్టింది కూడా అక్కడే, 1931 సెప్టెంబరు 21న. ఈ మాట నేను ఎవరితో అన్నా, 'ఆదిత్య 369 తీసినాయనా? మన ఉదయగిరా?' అని ఆశ్చర్యపోతారు. అవును, ఆయనే. తండ్రి హెడ్మాస్టరు, తల్లి వయొలిన్ వాయించేది. కె.వి.రెడ్డి గారి దగ్గర పని నేర్చుకున్నారు, మాయాబజార్‌కు సహాయకుడిగా చేశారు. మయూరి, పుష్పక విమానం, భైరవద్వీపం మనందరం చూసినవే. టీవీలో వస్తే ఇప్పటికీ కదలకుండా కూర్చుంటాం.

ఆయన 1974లో ఒక తమిళ సినిమా తీశారు. పేరు దిక్కట్ర పార్వతి. మన భాషలో చెప్పాలంటే దిక్కులేని పార్వతి. దాని సంగతి మన జిల్లాలో ఎంతమందికి తెలుసు?

రాజాజీ రాసిన కథ అది. ఒక పల్లెటూరి పిల్ల, కొత్తగా పెళ్ళయింది, చిన్న సంసారం. మొగుడు మంచివాడే. వాడికి తాగుడు అలవాటవుతుంది. తాగుడు వెనకాల అప్పొస్తుంది, అప్పు వెనకాల అప్పిచ్చినోళ్ళ చూపు ఆ పిల్ల మీద పడుతుంది. లక్ష్మి పార్వతిగా, శ్రీకాంత్ భర్తగా చేశారు. మన కాకినాడ వీణ చిట్టిబాబు గారు సంగీతం ఇచ్చారు. పెద్ద సెట్లు లేవు, ఫైట్లు లేవు. ఆ ఏడు తమిళంలో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. లక్ష్మి గారంటే మనకు కమర్షియల్ సినిమాల్లో హీరోయినుగా, తర్వాత తల్లిగా, అత్తగా తెలుసు. ఈ బొమ్మలో మట్టి ముద్దలాంటి మామూలు పల్లెటూరి ఆడపిల్లగా ఆమె చేసింది చూస్తే, ఆ మనిషికి మనం ఇవ్వాల్సిన గౌరవం ఇంకా బాకీ ఉందనిపిస్తుంది.

ఇప్పుడు మన కలిగిరి పక్కనున్న దూబగుంటను గుర్తుచేసుకోండి. 1991, 92 నాటి మాట. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు, పగలంతా కష్టపడి తెచ్చిన కూలి డబ్బులు సారా కొట్టులో పోతున్నాయని ఎదురు తిరిగారు. వర్ధినేని రోశమ్మ గారు ముందు నిలబడ్డారు. ఊళ్ళోకి సారా రానివ్వమన్నారు. ఆ ఊరి కథే అక్షరాస్యత వాచకంలో పాఠమైంది. ఆ పాఠం చదివి పక్క ఊరివాళ్ళు లేచారు, వాళ్ళను చూసి ఇంకో ఊరివాళ్ళు లేచారు, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అదే సంవత్సరం అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. ప్రపంచం మొత్తం మన మెట్ట ఆడవాళ్ళ గురించి రాసింది.

ఆ ఆడవాళ్ళ బతుకును అంతకు పదిహేడు, పద్దెనిమిదేళ్ళ ముందే ఒకాయన తెరమీద పెట్టాడు. ఆయన పుట్టింది వాళ్ళ పక్కనే, ఉదయగిరిలో. అయినా ఆ బొమ్మ దూబగుంట దాకా రాలేదు. అరవంలో ఉండటం ఒక కారణం. మనవాళ్ళెవరికీ దాన్ని ఇక్కడికి తెచ్చి చూపించాలని తట్టకపోవడం ఇంకో కారణం. నాకైతే రెండోదే పెద్దదిగా కనిపిస్తుంది. భాష అడ్డమైతే హాంకాంగ్ ఫైటింగు సినిమాలు మన ఊళ్ళలో ఎట్టా ఆడాయి?

సింగీతం గారిని వదిలేముందు పుష్పక విమానం గురించి ఒక్క మాట. 1987లో వచ్చిన ఆ బొమ్మలో డైలాగే లేదని అందరికీ తెలుసు. కమల్‌హాసన్, అమల గుర్తుంటారు. అందులో రోడ్డు పక్కన కూర్చునే బిచ్చగాడు గుర్తున్నాడా? నిరుద్యోగి తన దగ్గరున్న డబ్బు చూపించి మురిసిపోతే, బిచ్చగాడు అంతకన్నా ఎక్కువ తీసి చూపిస్తాడు. చివరికి ఆ బిచ్చగాడు చచ్చిపోతే, అతని పక్కకింద దొరికిన నోట్ల కోసం జనం ఎగబడతారు. శవాన్ని ఎవరూ పట్టించుకోరు. నవ్వుతూ నవ్వుతూ ఉన్న మనం ఒక్కసారిగా ఆగిపోతాం.

ఆ బిచ్చగాడి వేషం వేసింది పి.ఎల్.నారాయణ గారు. బాపట్ల మనిషి, నాటకాల్లోంచి వచ్చాడు. గొంతుతో బతికిన రంగస్థల నటుడికి ఒక్క మాట కూడా లేని వేషం ఇస్తే, కళ్ళతోనూ పెదవి విరుపుతోనూ మొత్తం మనిషిని చూపించాడు. నేటి భారతంలో, వందేమాతరంలో, ఇంకా ఎన్నో సినిమాల్లో చూశాం ఆయన్ని. 'అదేనబ్బా, బక్కగా ఉంటాడే, గుమాస్తా వేషాలేస్తాడే' అంటాం గాని పేరు చెప్పం. కాళీపట్నం రామారావు మాస్టారి యజ్ఞం కథను 1991లో సినిమాగా తీస్తే, అందులో నటనకు ఆయనకు జాతీయ ఉత్తమ సహాయ నటుడి అవార్డు వచ్చింది. దేశం మొత్తం మీద ఆ ఏడు ఆ బహుమతి అందుకున్న నటుడు మన తెలుగువాడు. ఆ సినిమా చూసినవాళ్ళను మన మండలంలో వెతకాలి. 1998లో ఆయన పోయారు. ఒక తరం మొత్తం ఆయన్ని చూసింది, ఆయన పేరు తెలుసుకోలేదు. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

అదే మాట రమణారెడ్డి గారి గురించి అనలేం, ఆయన పేరు అందరికీ తెలుసు. మన జిల్లా జగదేవిపేట ఆయనది. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వదిలి మద్రాసు పోయాడు. మాయాబజార్లో చిన్నమయ్యగా, మిస్సమ్మలో డేవిడ్‌గా ఆయన్ని మరిచిపోయేవాళ్ళెవరు? పేరు తెలుసు గాని ఆయన్ని నవ్వించేవాడిగా తప్ప నటుడిగా ఎవరూ లెక్కగట్టలేదని నా అభిప్రాయం. డేవిడ్ పాత్రను ఇంకోసారి చూడండి. అప్పిచ్చి, ఆ అప్పు అడ్డం పెట్టుకొని ఆడపిల్లను పెళ్ళాడాలని చూసే మనిషి వాడు. దిక్కట్ర పార్వతిలో కడుపు తరుక్కుపోయే విషయమే ఇక్కడ నవ్వులాటగా వచ్చింది. ఆ బెదిరింపును పోనివ్వకుండానే నవ్వించడం ఎంత కష్టమో నాటకాలు వేసినవాళ్ళకు తెలుస్తుంది.

కావలి రాజనాల కూడా అంతే. తెరమీద ఆయన్ని చూసి తిట్టుకున్నాం. చివరి రోజుల్లో ఆయన ఇబ్బందులు పడుతుంటే పేపర్లో చదివి అయ్యో అనుకున్నాం.

సరే, ఇప్పుడు నెల్లూరుకు పోదాం. తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి పేరు సాహిత్యం చదివినవాళ్ళకు తెలుసు. 1939లో ఫిడేలు రాగాల డజన్ అని కవితల పుస్తకం వేసి, ఛందస్సు మీద తిరగబడి పెద్ద గొడవ చేసిన మనిషి. శ్రీశ్రీ దానికి ముందుమాట రాశాడు. తర్వాత ఆయన సినిమా నిర్మాత అయ్యాడు. కె.వి.రెడ్డి గారితో 1958లో పెళ్ళినాటి ప్రమాణాలు, 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధము తీయించాడు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న ఆ కృష్ణార్జున యుద్ధము మన టూరింగ్ టాకీసుల్లో ఎన్నిసార్లు ఆడిందో మన పెద్దోళ్ళు చెబుతారు. డబ్బూ పేరూ ఉన్న నిర్మాత. అట్టాగే ఉండిపోయినా ఎవరూ అడిగేవాళ్ళు లేరు.

ఆయన బెంగళూరుకు పోయి, యు.ఆర్.అనంతమూర్తి రాసిన సంస్కార నవల తీసుకొని, 1970లో కన్నడంలో సినిమా తీశాడు. తానే దర్శకుడు. కర్ణాటక మలెనాడులో, శృంగేరి దగ్గర ఒక పల్లెలో షూటింగు. కెమెరా పట్టింది టామ్ కోవన్ అనే ఆస్ట్రేలియా మనిషి. ప్రాణేశాచార్యులుగా గిరీశ్ కర్నాడ్ చేశాడు, సినిమాల్లో ఆయనకదే మొదలు, స్క్రీన్‌ప్లే కూడా ఆయనదే. నారణప్పగా రచయిత పి.లంకేశ్. మన సింగీతం గారు కూడా ఆ సినిమాకు పనిచేశారు. చూశారా, ఉదయగిరీ నెల్లూరూ ఎక్కడికి పోయి కలిశాయో!

కథేమంటారా? ఒక అగ్రహారంలో ఆచారాలన్నీ గాలికొదిలేసి బతికిన బ్రాహ్మడు నారణప్ప చచ్చిపోతాడు. శవం ఇంట్లో ఉంది. దహనం ఎవరు చేయాలి? అతను బ్రాహ్మడా, కాడా? శాస్త్రం ఏమంటుందో పండితుడు ప్రాణేశాచార్యులు తేల్చాలి. శవం అట్టాగే ఉంటుంది, ఊళ్ళో ప్లేగు, ఎలకలు. సినిమా పూర్తయ్యాక మద్రాసు సెన్సారు బోర్డు సర్టిఫికెట్ ఇవ్వనంది, గొడవలొస్తాయని భయపడింది. చివరికి కేంద్ర ప్రభుత్వం దగ్గర అనుమతి తెచ్చుకున్నారు. ఆ సంవత్సరం దేశంలో ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం వచ్చింది, కన్నడానికి అదే మొదటిది. కన్నడ కొత్త సినిమా చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ అక్కడినుంచే మొదలుపెడతారు. ఆ చరిత్రకు తలుపు తీసింది మన నెల్లూరాయన. నెల్లూరులో ఎన్ని పెద్ద పెద్ద విగ్రహాలు లేవు! ఆయన గుర్తుగా ఏడాదికొకసారి ఆ సినిమా వేసి చూపించుకున్నా చాలదా?

ఆ సినిమాలో చంద్రి అనే పాత్ర ఉంది. చచ్చిపోయిన మనిషితో కలిసి బతికిన తక్కువ కులపు స్త్రీ. లోపల పండితులు శాస్త్రాలు తిరగేస్తుంటే ఆమె బయట కూర్చుని ఎదురుచూస్తుంటుంది. దహనం ఖర్చుకు తన ఒంటిమీది బంగారం తీసి అక్కడ పెట్టేస్తుంది. మాటలు తక్కువ. ఆ మొహం చూస్తుంటే, ఇంతమంది పండితుల్లో మనిషంటూ ఉంటే ఈమే అనిపిస్తుంది. ఆ పాత్ర వేసింది స్నేహలతా రెడ్డి, పట్టాభి గారి భార్య, అంటే మన నెల్లూరు కోడలు. మద్రాసులో ఇంగ్లీషు నాటకాలు వేసిన మనిషి, ద మద్రాస్ ప్లేయర్స్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకరు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ లోహియా సోషలిస్టు మార్గంలో నడిచినవాళ్ళు.

ఎమర్జెన్సీ వచ్చింది. 1976 మే నెలలో ఆమెను అరెస్టు చేసి బెంగళూరు సెంట్రల్ జైల్లో పెట్టారు. బరోడా డైనమైట్ కేసు పేరు చెప్పారు గాని ఆమె మీద నేరం రుజువు చేసింది లేదు. ఆమెకు ఉబ్బసం. జైల్లో సరైన వైద్యం అందలేదు. తోటి ఖైదీ ఆడవాళ్ళను కొట్టకూడదని, తిండి సరిగ్గా పెట్టాలని లోపలినుంచే పోరాడింది, డైరీ రాసుకుంది. ఆరోగ్యం పూర్తిగా చెడిపోయాక 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. అయిదు రోజులకు, జనవరి 20న చనిపోయింది. ఆమె చివరగా నటించిన సోనె కంసారి సినిమా ఆమె పోయిన తర్వాతే విడుదలైంది. పట్టాభి గారు ఆ రోజుల మీదే చండమారుత అనే ఇంకో సినిమా తీశారు. ఆయన 2006 దాకా బతికారు.

ఇంత పెద్ద నటికి, ఇంత ధైర్యమున్న మనిషికి మన జిల్లాలో ఎక్కడన్నా ఒక వీధి పేరన్నా ఉందేమో తెలిస్తే చెప్పండి, వెళ్ళి చూసొస్తాను.

నెల్లూరు మాట వచ్చింది గనక వాణిశ్రీ గారి గురించి కూడా. రత్నకుమారిగా నెల్లూరులో పుట్టి, కొప్పు పెట్టుకుంటే రాష్ట్రమంతా అదే కొప్పు పెట్టుకునేంత స్టారయింది. ఆమె శ్యామ్ బెనెగల్ సినిమాలో నటించిందంటే నమ్ముతారా? 1978లో వచ్చిన అనుగ్రహం. అనంత్‌నాగ్, స్మితా పాటిల్, రావుగోపాలరావు కూడా ఉన్నారు. హిందీలో కొండూరా అని అదే కథ తీశారు. మూఢనమ్మకం ఒక మనిషిని ఎట్టా ముంచుతుందో చెప్పే బొమ్మ. అందులో వాణిశ్రీ ఆ మనిషి భార్య. మేకప్పు, కొప్పు, డ్యూయెట్టు ఏదీ లేదు, మామూలు ఇల్లాలు. ఆమె అభిమానులు ఈ ఒక్క సినిమా చూస్తే ఆమె మీద అభిమానం రెట్టింపవుతుందని నేను గట్టిగా చెబుతాను.

ఆ రెండు మూడేళ్ళు తెలుగులో ఇట్టాంటివి వరసగా వచ్చాయి. 1977లో మృణాల్ సేన్ బెంగాల్ నుంచి వచ్చి ప్రేమ్‌చంద్ కథతో ఒక ఊరి కథ తీశాడు. పని చేస్తే లాభం దొరలకే గనక పనే చేయనని మొండికేసిన ముసలాయన వెంకయ్యగా వాసుదేవరావు అనే కన్నడ నటుడు చేశాడు. ఆయన నవ్వు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి.నర్సింగరావు, రవీంద్రనాథ్ నిర్మించిన మా భూమి 1980లో విడుదలై, ఉదయం ఆటలతోనే నెలల తరబడి ఆడింది. అందులో రామయ్యగా చేసిన సాయిచంద్ మన త్రిపురనేని గోపీచంద్ గారి అబ్బాయి. ఎన్నో ఏళ్ళు తెరకు దూరమై, 2017లో ఫిదా సినిమాలో తండ్రిగా కనపడితే కుర్రోళ్ళంతా ఎవరీయన ఇంత బాగా చేశాడు అన్నారు. నలభై ఏళ్ళ కిందటే చేశాడు నాయనా, మనమే చూడలేదు.

నర్సింగరావు గారే తీసిన దాసి, 1988. దొర గడిలో దాసిగా కమలాక్షి పాత్ర అర్చనది. ఆ సినిమాకు అయిదు జాతీయ అవార్డులొచ్చాయి, ఉత్తమ నటి అవార్డు అర్చనకు. అంతకు ముందు ఏడే తమిళంలో వీడు సినిమాకు అదే అవార్డు. వరసగా రెండేళ్ళు దేశంలోకెల్లా ఉత్తమ నటి మన తెలుగమ్మాయే! అయినా మనవాళ్ళకు ఆమె నిరీక్షణ సినిమా పాటలతోనే గుర్తు.

ఇవెందుకు మన దాకా రాలేదని అడుగుతారు. జనానికి ఇట్టాంటివి నచ్చవు అని ఒక మాట ఉంది. నేను ఒప్పుకోను. నచ్చలేదని చెప్పడానికి ముందు చూపించాలి గదా! హాలు దొరకదు. దొరికినా పొద్దున ఆట ఒక్కటే. మొదటి మూడు రోజుల్లో జనం రాకపోతే నాలుగో రోజు బొమ్మ తీసేస్తారు. పోస్టరు వేయడానికీ, పేపర్లో ప్రకటనకూ సినిమాకు పెట్టినంత డబ్బు కావాలి. రీళ్ళు పోయి కంప్యూటరు వచ్చాక చవకవుతుందనుకున్నారు గాని, హాల్లో డిజిటల్ బొమ్మ వేసినందుకు వారం వారం కట్టాల్సిన రుసుము చిన్న నిర్మాత నడుం విరిచింది. 2018 మార్చిలో ఆ రుసుముల మీద గొడవై హాళ్ళే మూతబడ్డాయి. పెద్ద సినిమా దాన్ని తట్టుకుంటుంది, అయిదారు లక్షల మంది చూస్తే చాలనుకునే సినిమా తట్టుకోలేదు. ఇప్పుడు ఫోన్లో అన్నీ దొరుకుతాయంటారు. నిజమే, దొరుకుతాయి. పేరు తెలిసినవాడికి దొరుకుతాయి. తెలియనివాడికి ఫోను పెద్ద హీరోనే చూపిస్తుంది.

అందుకే పేర్లు చెబుతున్నాను, విసుక్కోకండి.

వనజ అని ఒక సినిమా ఉంది. రజనీష్ దోమలపల్లి అనే ఆయన అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదువుతూ, తన చదువులో భాగంగా తీసిన తెలుగు సినిమా. చేపలు పట్టేవాడి కూతురు, దొరసాని ఇంట్లో పనికి కుదిరి కూచిపూడి నేర్చుకుంటుంది. ఆ ఇంట్లోనే ఆ పిల్ల బతుకు చెడుతుంది. నటులంతా అంతకు ముందు కెమెరా ముందు నిలబడనివాళ్ళు. వనజగా చేసిన మమతా భూక్యా కూచిపూడి నేర్చుకున్నదే ఈ సినిమా కోసం. 2007లో బెర్లిన్ పండుగలో మొదటి చిత్రంగా బహుమతి కొట్టింది. రోజర్ ఎబర్ట్ అనే అమెరికా విమర్శకుడు ఆ ఏటి మంచి విదేశీ సినిమాల్లో దీన్ని చేర్చాడు. ఆ పిల్ల కళ్ళలో భయం, పొగరు, ఆట ఒకేసారి కనిపిస్తాయి. ఎంతో అనుభవమున్న నటికి కూడా అది తేలిక కాదు. తర్వాత ఆమెకు వరసగా వేషాలు రావాల్సింది.

శ్రీరమణ గారి మిథునం కథ మనందరికీ ప్రాణం. దాన్ని ముందు సినిమాగా తీసింది మలయాళం వాళ్ళు, 2000లో, ఎం.టి.వాసుదేవన్ నాయర్. మన భాషలో రావడానికి 2012 దాకా పట్టింది. తనికెళ్ళ భరణి గారు పట్టుబట్టి తీశారు. సినిమా మొత్తం ఇద్దరే మనుషులు. ఒకరు మన లక్ష్మి గారే, దిక్కట్ర పార్వతి ముసలిదైతే ఇట్టా ఉండాలి అనుకునేంత తృప్తిగా ఉంటుంది ఆమెను అక్కడ చూస్తే. ఇంకొకరు మన నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం. బాలు గారి పాట గురించి లోకమంతా మాట్లాడుతుంది. అప్పదాసుగా ఆయన నటన గురించి మాట్లాడేవాళ్ళేరీ? పెళ్ళాం చేతి వంట కోసం చిన్నపిల్లాడిలా మారాం చేసే ఆ ముసలాయనలో ఎక్కడా గాయకుడు కనపడడు.

2018లో కేరాఫ్ కంచరపాలెం వచ్చింది. వెంకటేశ్ మహా అనే కొత్త దర్శకుడు, పరుచూరి ప్రవీణ అనే నిర్మాత. విశాఖలోని కంచరపాలెంలో ఆ పేటవాళ్ళనే పెట్టి తీశారు. పెళ్ళి కాని నడివయసు అటెండరు రాజుగా సుబ్బారావు, ఆఫీసరు రాధగా రాధా బెస్సి. సుబ్బారావు నడక చూడండి, నిలబడటం చూడండి, మన ఎమ్మార్వో ఆఫీసులో రోజూ చూసే మనిషే. దానికి కాస్త పేరొచ్చింది, కారణం పెద్ద సంస్థ ఒకటి ముందుకొచ్చి విడుదల చేయడం. అట్టా చేయి పట్టుకొనేవాళ్ళు లేక మూలబడ్డవి ఎన్నో!

2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన సినిమా బండి మాత్రం మీరు తప్పకుండా చూడాలి. కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో నడిపే వీరబాబుకు, ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరా దొరుకుతుంది. ఊరివాళ్ళంతా కలిసి సినిమా తీయబోతారు. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే గణపతి కెమెరామెను, మంగలి షాపు మరిడేశ్ హీరో, కూరగాయలమ్మే మంగ హీరోయిను. ప్రవీణ్ కాండ్రేగుల తీశాడు. వికాస్ వసిష్ఠ, సందీప్ వారణాసి, రాగ్ మయూర్ ఎవరూ నటిస్తున్నట్టే ఉండరు. వాన లేక ఎండిన ఆ నేల, కరెంటు పోయే ఆ రాత్రులు, పట్నం పోతామనే ఆ కుర్రోళ్ళు, అదంతా మన మెట్టే.

ఇంకొక్కాయన పేరు చెప్పి ఆపుతాను. 2023లో బలగం వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో జనం నడివీధిలో తెర కట్టుకొని, ఊరంతా కూర్చుని చూశారు. చూసి ఏడ్చారు, ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఆ రాత్రే కలిసిపోయారని పేపర్లు రాశాయి. చివర పాట పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు ఊరూరా తిరిగి కథలు చెప్పుకునే జాతివాళ్ళు. ఆ ఒక్క సినిమాతో వాళ్ళ గొంతు లోకానికి తెలిసింది. మరుసటేడు డిసెంబరులోనే మొగిలయ్య పోయాడు. అందులో చచ్చిపోయే తాత కొమురయ్యగా చేసిన సుధాకర్ రెడ్డి గారు ఇంకో సినిమాలో హీరో. దాని పేరు ముత్తయ్య. డెబ్భై ఏళ్ళ పల్లెటూరి ముసలాయనకు సినిమాలో నటించాలని కోరిక, ఎవరేమన్నా వినడు. భాస్కర్ మౌర్య తీసిన ఈ సినిమాను 2022లోనే లండన్‌లో పండుగలో చూపించారు. మనకు ఫోన్లోకి వచ్చేసరికి 2025 అయింది. ఆ ముసలాయన్ని చూస్తుంటే నాకు మన ఊళ్ళ హరిశ్చంద్రులూ నక్షత్రకులూ గుర్తొచ్చారు. తిరునాళ్ళలో రాత్రంతా పద్యాలు పాడి, తెల్లారి పొలానికి పోయినవాళ్ళు. వాళ్ళలో ఇంకా కొందరున్నారు మన పల్లెల్లో. వాళ్ళ పద్యాలు ఫోన్లో రికార్డు చేసి పెట్టే మనవళ్ళుంటే బాగుండు.

నర్రవాడ వెంగమాంబ తిరునాళ్ళు జ్యేష్ఠంలో వస్తాయి. వేలమంది వస్తారు, రాత్రిళ్ళు నాటకాలు, కోలాటాలు ఉంటాయి. ఒక రాత్రి ఒక తెర కట్టి ముత్తయ్యో, సినిమా బండో, హక్కులున్నవాళ్ళను అడిగి అనుమతి తీసుకొని వేస్తే ఎట్టా ఉంటుందంటారు? అన్నదానానికి లక్షలు పోగుచేసే ఊళ్ళు మనవి, ఇది పెద్ద ఖర్చేం కాదు.

దూబగుంటలో దిక్కట్ర పార్వతి వేయాలని నాకు అంతకన్నా పెద్ద కోరిక. ప్రింటు ఎక్కడుందో కనుక్కోవాలి, పూణేలో ప్రభుత్వ ఫిల్ము భాండాగారంలో అడగడంతో మొదలుపెట్టాలి. అరవం అనే అడ్డం గురించి భయం లేదు. మద్రాసులో హోటళ్ళలోనూ కట్టుబడి పనుల్లోనూ ఏళ్ళు గడిపి వచ్చినవాళ్ళు మనకు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఒకరు మైకు పట్టుకొని తెర పక్కన నిలబడి, పార్వతి ఏమందో మనవాళ్ళకు తెలుగులో చెబితే సరిపోతుంది. మీ వీధిలో అట్టాంటి అరవం వచ్చిన గొంతున్న మనిషి ఎవరన్నా ఉంటే నాకు కబురు చేయండి.